అలీ సాహెబ్ అమ్మిన పన్నెండో అచ్చు

గుంటూరు కొత్తపేటలో ఫ్రేములు కట్టే అలీ సాహెబ్ చేతి మీదుగా నలభై ఏళ్లలో దేవుళ్లూ, పెళ్లికొడుకులూ, పోయినవాళ్లూ ఎందరో గాజు వెనక్కి చేరారు. వాళ్లలో ఏ ఒక్కరినీ ఆయన అమ్మలేదు. కట్టడం వరకే ఆయన పని. అందుకే దర్శిలో డ్రాయింగు మేష్టారుగా చేసి రిటైరైన బాలస్వామి ఒక అచ్చు తెచ్చి, "దీన్ని నువ్వే అమ్మిపెట్టాలి సాయిబూ" అన్నప్పుడు ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లను మేష్టారు టేకు చెక్క మీద చెక్కి, సిరా పూసి, ముప్పై కాగితాల మీద అద్ది, ఒక్కోదాని కింద నంబరు వేసి సంతకం పెట్టారు. ఇంకో అచ్చు రాకుండా చెక్కను అడ్డంగా కోసేశారు. ఏడాదైనా ఒక్కటీ అమ్ముడుపోలేదు. "ఇదీ పోకపోతే ఉలిని అటకెక్కిస్తా" అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు గానీ అలీ సాహెబ్‌కు నవ్వు రాలేదు.

ఏవేవో సేకరించే పిచ్చి మనవైపు లేదనుకుంటాం. ఉంది. ఆగిపోయిన గడియారాలు, ఇత్తడి మరచెంబులు, కార్లకు వింత నంబర్లు, అన్నీ పోగేస్తారు. కోల్డ్ స్టోరేజీ శివరామకృష్ణ అవన్నీ అయ్యాక ఈమధ్యే బొమ్మల్లోకి దిగాడు. కబురందిన మర్నాడే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ముప్పైలో పన్నెండంటే ఏందయ్యా? ముందు పదకొండు మంది వద్దన్నారా?"

"అది వరస నంబరండీ."

"సంతకం పెన్సిల్‌తోనా! రిజిస్ట్రారాఫీసులో ఇట్టా పెడితే తరిమికొడతారు."

"పెద్దపెద్దోళ్లంతా అట్టాగే పెడతారంటండీ."

"మరి ఆ చెక్కేదీ?"

"కోసేశారండీ."

"విత్తనానిక్కూడా ఉంచుకోలా!"

అతనికి నిజంగానే బాధేసింది. అయినా బొమ్మ మీంచి చూపు తీయలేదు. "ఆ మూల కొంగు నోటికడ్డం పెట్టుకుందే, తుమ్ముతోందా, నవ్వుతోందా?" అని అడిగాడు. అలీ సాహెబ్‌కు ఆశ పుట్టింది. అంతలోనే, "వెనక విప్పు" అన్నాడు శివరామకృష్ణ. "మిర్చి టిక్కీ బస్తా అయినా సరే, మధ్యలో చెయ్యి పెట్టి చూడందే నేను కొనను."

పట్టకారు చేతిలోనే ఉన్నా అలీ సాహెబ్ దానికోసం బల్లంతా వెతికాడు. బొమ్మ వెనక పెట్టమని మేష్టారు ప్రత్యేకంగా నూలు అట్ట తెప్పించి ఇచ్చారు. మామూలు అట్ట తగిలితే కాగితం పచ్చబడుతుందట. పాలమీగడలాంటి ఆ అట్టను గోడవైపు పెట్టడానికి అలీ సాహెబ్‌కు మనసొప్పలేదు. అక్కడ ఎవరు చూస్తారని! దాన్ని బీరువా మీద భద్రంగా దాచి, పాత క్యాలెండరు అట్ట పెట్టి మేకులు కొట్టాడు.

ఇప్పుడా మేకులు ఊడాయి. అట్ట తిరగబడింది. రెండు చేతులూ జోడించి, నూతన సంవత్సర శుభాకాంక్షలతో, అందులోంచి శివరామకృష్ణే నవ్వుతున్నాడు.

ఇద్దరు శివరామకృష్ణలూ కాసేపు ఒకరినొకరు చూసుకున్నారు.

"మీ బొమ్మ ఉంటే సరుక్కి బలమని పెట్టారన్నా" అంది అలీ సాహెబ్ భార్య ఖుర్షిదా, టీ గ్లాసుతో వస్తూ, మొగుడి వంక చూడకుండా.

ఆ మాటకు ఊకొడితే బేరం అయిపోయేదే. శివరామకృష్ణ మొహం అప్పటికే విచ్చుకుంటోంది. అలీ సాహెబ్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"బలం లేదు, ఏం లేదండీ. ఈ అట్టతో బొమ్మ పాడయిద్ది. మేష్టారు మంచిది ఇస్తే నాకే దాచుకోబుద్ధయింది. మారుస్తా. చూసి, ఇష్టమైతేనే తీసుకోండి."

"అంటే నా మొహం తగిలితే పాడయిద్దా?"

"మొహం కాదండీ, అట్ట!"

ఖుర్షిదా గభాలున లోపలికెళ్లిపోయింది. శివరామకృష్ణ టీ చివరిదాకా తాగాడు. "మిర్చి యార్డులో ముప్పయ్యేళ్లుగా తిరుగుతున్నా. లోపలి సరుకు బాగాలేదని అమ్మేవాడే చెప్పడం ఎప్పుడూ వినలా. మార్చు. కూర్చుంటా."

గంటసేపు కూర్చున్నాడు. వెళ్లేటప్పుడు బొమ్మను కారు వెనక సీట్లో నిలబెట్టి, బెల్టు కూడా పెట్టాడు.

అలీ సాహెబ్ ఫోను చేస్తే, ఎవరు కొన్నారని గానీ ఎంతకని గానీ మేష్టారు అడగలేదు.

"సాయిబూ, మీ వీధిలో పాత టేకు తలుపులేమన్నా ఉన్నాయేమో చూడు" అన్నారు. "ఉలికి అడ్డొచ్చే ముడులు లేనిది చూసి పెట్టు. రేపు పొద్దున బస్సుకే వస్తన్నా."