అక్క ఫోటోకి యాభై మాటలు

ఫోటోగ్రాఫరుని వీధిలో అందరూ డౌటుగారు అంటారు. మొహం మీద అనరు గానీ, ఆయనకి తెలుసు. పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించి కవర్లో పెట్టేటప్పుడు ఎనిమిదీ ఉన్నాయా లేదా అని తను లెక్కపెట్టుకుని, పుచ్చుకున్నవాడి చేతా లెక్కపెట్టిస్తాడు. స్టూడియో షట్టరుకి తాళం వేసి నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి లాగి చూసి, మళ్ళీ నాలుగడుగులు నడిచి, ఈసారి భార్యని పంపి లాగిస్తాడు.

"నేను లాగితే మాత్రం నమ్ముతారా?" అంటుంది ఆవిడ.

"నమ్మను. ఇద్దరం లాగామన్న తృప్తి."

ఫోటోలు తీయడం ఆయన ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాత కెమెరా ఒకటి కొని, విప్పి, మళ్ళీ బిగించి, చివరికి రెండు మరలు ఎందుకు మిగిలిపోయాయో తెలుసుకునే ప్రయత్నంలో నేర్చుకున్నాడు. ఆయన దగ్గర ఫోటో దిగడం ఒక పరీక్ష. వెలుతురు చాలదేమో, కళ్ళు మూసుకున్నారేమో, మెడ వంకరగా ఉందేమో అని పది తీస్తే గానీ వదలడు. విసుక్కుంటూ వెళ్ళినవాళ్ళే ఫోటో చేతికొచ్చాక ఇంకో నలుగురిని పంపేవాళ్ళు. ఒక్కమాటలో, ఆ అనుమానమే ఆయన చదువు.

ఫోన్లొచ్చి ప్రతివాడూ ఫోటోగ్రాఫరైపోయాక స్టూడియోలో ఈగలు తోలుకునే రోజులొచ్చాయి. అప్పుడు భార్య కనిపెట్టింది, ఫోటోలు అమ్మిపెట్టే వెబ్‌సైట్లు ఉంటాయని. ఆయన నమ్మడానికి రెండు నెలలు పట్టింది.

"మన ఫోటో వాళ్ళు ఎవరికో అమ్ముతారు. ఆ ఎవరో ఎవరు?"

"చెప్పరట."

"చెప్పకపోవడమేంటి?"

"ఎవడికో ఏదో ఫోటో కావాలి. వెతుక్కుంటాడు, దొరికితే కొనుక్కుంటాడు. ఉప్పు కొనేవాడిని కొట్టువాడు ఎందుకురా అని అడుగుతాడా?"

"అడగాలి" అన్నాడాయన.

మొదట పంపిన ఇరవై ఫోటోల్లో పదిహేడు తిప్పికొట్టారు. ఒకదాంట్లో కుళాయి మీద కంపెనీ పేరు కనిపిస్తోందట. ఒకదాంట్లో నీడలో చుక్కలున్నాయట. ఇంకొకదాంట్లో అద్దంలో ఒక మనిషి మోచెయ్యి కనిపిస్తోంది, ఆ మోచెయ్యి ఎవరిదో వాళ్ళ ఒప్పుకోలు ఏదీ అని అడిగారు. భార్య నీరుగారిపోయింది. ఆయనకి మాత్రం మొహం విప్పారింది. ఇంత అనుమానమున్నవాళ్ళు తనకి తగినవాళ్ళే అనుకున్నాడు. ఆ రోజు నుంచే ఆ సైటుని నమ్మడం మొదలుపెట్టాడు.

మనుషుల ఫోటో అమ్మాలంటే ఆ మనిషి సంతకం చేసిన కాగితం ఉండాలి. సంతకానికి ఊరకే ఒప్పుకునేది ఎవరు? అక్క.

అక్క ఆయనకంటే ఐదేళ్ళు పెద్ద. అట్టపెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీ క్యాంటీన్లో పద్దెనిమిదేళ్ళుగా వంట. మొగుడు పోయాక పట్టుకున్న ఆ పనే ఆవిడ ఇల్లూ వాకిలీ అయింది. రెండొందల మంది తింటారు, ఎవరికి కారం తక్కువో ఎవరికి ఉప్పు ఎక్కువో అన్నీ నోటికి వచ్చు. ఒక ఉదయం తమ్ముడు కెమెరా పట్టుకుని వంటగదిలోకి వచ్చి, "ఉల్లిపాయలు కోస్తూ ఉండు, నవ్వకు" అన్నాడు. నవ్వకు అన్నాక ఆవిడ ఆగుతుందా? చేతుల నిండా ఉల్లిరసం. వంటగదిలో చెయ్యి మొహానికి తాకించకూడదు గనక, తల పక్కకి తిప్పి మోచేతి మడతలో సగం మొహం దాచుకుని నవ్వింది. కళ్ళ వెంట నీళ్ళు. ఆ క్షణం ఫోటోలో పడింది.

కాగితం మీద ఆయన అక్క చేత రెండుసార్లు సంతకం పెట్టించాడు. సాక్షిగా భార్య చేత పెట్టించాడు.

"ఇల్లు రాయించుకుంటున్నావేంట్రా?" అంది అక్క.

"నీకు ఇల్లెక్కడుందే?"

"అందుకే ధైర్యంగా పెడుతున్నా."

ఆ ఫోటో సైటులో చేరిన ఏడు నెలలకి, ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా ఉన్న బస్టాపులో తలుపంత పోస్టరు ఒకటి వెలిసింది. మోచేతిలో సగం మొహం దాచుకున్న ఆడమనిషి, తడి కళ్ళు. పైన పెద్ద అక్షరాలు: 'మూడు వారాలుగా దగ్గుతున్నారా? ఇవాళే పరీక్ష చేయించుకోండి.' కింద ఏదో క్లినిక్కు చిరునామా.

మొదటి రోజు క్యాంటీన్లో అందరూ నవ్వారు, అక్క కూడా. రెండో రోజు ఎవరో ఆరా తీశారు, ఊరకే వేస్తారా ఈవిడ మొహం అని. మూడో రోజు కంచాలు నిండుగానే వెనక్కొచ్చాయి. నాలుగో రోజు అక్క పరీక్ష చేయించుకుని, ఏ జబ్బూ లేదన్న కాగితం తెచ్చింది. మేనేజరు దాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు.

"ఇప్పుడు లేదని ఉందమ్మా. ఇంతకుముందు ఉండేదేమో అంటున్నారు వాళ్ళు. ఇలాంటి కాగితాలు ఎక్కడైనా దొరుకుతాయని కూడా అంటున్నారు. ఆ ఫోటో అక్కడికెలా వెళ్ళిందో తేలాలి. శనివారం లోపల తేల్చకపోతే నేను ఇంకొకరిని పెట్టుకోవాలి. రెండొందల మందిని పస్తు పెట్టలేను కదా."

అక్క తిన్నగా స్టూడియోకి వచ్చింది. కూర్చోలేదు.

"ఆ ఫోటో నువ్వు తీసిందేగా? దగ్గు మందువాళ్ళకి ఇచ్చావా?"

"నేనెవరికీ ఇవ్వలేదక్కా. సైటు నుంచి అమ్ముడైన డబ్బు పైసా రాలేదు. ఎవడో కొట్టేశాడు."

"ఎవడు?"

"అదే కనిపెడతాను" అన్నాడు డౌటుగారు. చాలాకాలానికి ఆయన అనుమానానికి చేతినిండా పని దొరికింది.

భూతద్దం పట్టుకుని బస్టాపుకి వెళ్ళాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు జరిగి చోటిచ్చారు. సైటులో ఊరికే చూసుకోవడానికి పెట్టే ఫోటో మీద అడ్డంగా సైటు ముద్ర ఉంటుంది. పోస్టరు మీద ఆ జాడే లేదు. కనురెప్పల వెంట్రుకలు కూడా విడివిడిగా ఉన్నాయి. అంటే అసలు ఫైలు. అసలు ఫైలు తన కంప్యూటర్లో ఉంది, సైటులో ఉంది. ఇంకెక్కడ? పోస్టరు అడుగున చీమలు పాకినట్టు ఒక వరుస కనిపించింది: 'చిత్రంలోని వ్యక్తి మోడల్ మాత్రమే.' ఆ వరుస సగం మీద ఎవరో ట్యూషన్ కాగితం అంటించారు.

అప్పుడు గుర్తొచ్చింది, ఎదురు స్టూడియో ఆయన నిరుడు తన పెన్‌డ్రైవ్ అడిగి తీసుకుని తొమ్మిది రోజులు ఉంచుకున్నాడు. డౌటుగారు రోడ్డు దాటాడు.

"నా పెన్‌డ్రైవ్‌లో ఏమేం చూశావు?"

"ఏమున్నాయని? కుర్చీల ఫోటోలు నాలుగు వందలు."

"కుర్చీలా?"

"ఖాళీ కుర్చీలు. రకరకాల కోణాల్లో. మీరు బాగానే ఉన్నారా అని మీ ఆవిడని అడుగుదామనుకున్నా, బాగుండదని ఊరుకున్నా."

"మా అక్క ఫోటో తీసుకున్నావా లేదా?"

ఎదురు స్టూడియో ఆయన కత్తెర పక్కన పెట్టాడు. "గురువుగారూ, నేనూ ఆ సైటులోనే అమ్ముతున్నా. మా అత్తగారి ఫోటోలు రెండొందలు పెట్టా, ఒక్క పుణ్యాత్ముడు కూడా కొనలేదు. మీ అక్కగారిని ఎత్తుకెళ్ళి ఏం చేసుకోను? అమ్మకాల పేజీ తెరిచి చూశారా? ఏ ఫోటో పోయింది, ఏ మాట కొట్టి వెతికి కొన్నారు, అన్నీ ఉంటాయి అందులో."

డౌటుగారు చూడలేదు. ఆ పేజీ తెరవడానికి సైటు అప్పట్లో ఫోను నంబరు అడిగింది. నంబరెందుకు వీళ్ళకి అని ఆయన ఇవ్వలేదు.

ఆ మధ్యాహ్నం నంబరు ఇచ్చాడు. అదీ తనది కాదు, భార్యది. పేజీ తెరుచుకుంది. అక్క ఫోటో ఒక్కసారే అమ్ముడైంది, పోస్టరుకి మూడు వారాల ముందు. ఎవడూ కొట్టేయలేదు. దర్జాగా కొనుక్కున్నారు. పక్క గడిలో, కొన్నవాళ్ళు వెతికిన మాట ఉంది: దగ్గు.

"దగ్గు అని కొడితే అక్క ఎందుకు వస్తుంది?" అన్నాడు. ఫోటో కింద తాము రాసిన మాటల జాబితా తెరిచాడు. యాభై గళ్ళు ఉంటాయి, వెతికేవాళ్ళకి ఫోటో తగలాలంటే వాటిలో మాటలు రాసిపెట్టాలి. ఆడమనిషి, వంటగది, నవ్వు, ఉల్లిపాయ, కత్తి, పని, ఆవిరి... నలభై నాలుగో గడిలో దగ్గు. ఆ తరువాత జలుబు, జ్వరం, జబ్బు, నొప్పి, నీరసం, ఏడుపు.

ఆయన మెల్లగా భార్య వైపు తిరిగాడు. టైపు చేసేది ఆవిడే.

"అలా చూడకండి" అంది ఆవిడ. "మీరు చెప్పారు, నేను కొట్టాను. నలభై మూడుకి మాటలు అయిపోయాయి, చాలులెండి అన్నాను. ఏడు గళ్ళు ఖాళీగా వదలడమేంటి, షట్టరు సగం తెరిచి పెట్టినట్టు ఉంటుంది అన్నారు మీరు. కుర్చీ వెనక్కి లాక్కుని, ఈవిడ ఎవరో మనకి తెలియదనుకుందాం, ఏం చేస్తున్నట్టుంది అన్నారు."

ఆయనకి గుర్తొచ్చింది. కళ్ళు చికిలించి, కొత్తవాడిలా ఆ ఫోటోని చూశాడు ఆ రోజు. దగ్గుతున్నట్టు కూడా ఉందే అన్నాడు. అన్నందుకు సంతోషించాడు కూడా.

క్లినిక్కువాళ్ళు దొంగతనంగా ఏమీ చేయలేదు. సైటు మోసం చేయలేదు. ఎదురు స్టూడియో ఆయన చేసిన నేరమల్లా పెన్‌డ్రైవ్ తొమ్మిది రోజులు ఉంచుకోవడం. ఊళ్ళో అందరినీ వరసగా నిలబెట్టి చూసినవాడు ఆ వరసలో తనని నిలబెట్టుకోవడం మరిచిపోయాడు.

ఇక మేనేజరుకి చూపించాల్సింది ఆ పేజీయే. ఫోటో, తీసినవాడి పేరు, తేదీ, అమ్మకానికి పెట్టిన రోజు, అన్నీ అందులో ఉన్నాయి. కిందే యాభై మాటలు కూడా ఉన్నాయి. ప్రింటు తీసే ముందు ఆయన మౌస్ పట్టుకుని ఫోటో అడుగున ఒక గీత పెట్టాడు. అక్కడికి కత్తిరిస్తే సరిపోతుంది. మొటిమల్ని, మచ్చల్ని, విడాకులైపోయిన అల్లుళ్ళని ఫోటోల్లోంచి మాయం చేసిన చెయ్యి అది, ఇదెంత? కత్తిరించి చూశాడు. బాగానే ఉంది. కానీ తనే మేనేజరైతే ఏం అడుగుతాడు? కింద ఏముండేది అని అడుగుతాడు. మొదటి మాట అదే.

భార్య టీ గ్లాసు పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

శనివారం ఉదయం అక్కతో కలిసి మేనేజరు గదికి వెళ్ళాడు. చేతిలో పేజీ మొత్తం ఉంది, సంతకాల కాగితం కూడా. మేనేజరు కళ్ళజోడు సవరించుకుని పైనుంచి చదివాడు. "మీరేనా తీసింది? క్యాంటీన్లోనేనా? ఈ వెనక కనిపించే పెద్ద గిన్నె మనదే." కిందికి వచ్చాడు. వేలు ఒకచోట ఆగింది. "ఈ మాటలు ఎవరు రాశారు?"

"నేనే."

"దగ్గు అని?"

"నేనే రాశానండి. ఆవిడకి తెలియదు. ఆవిడ నవ్వుతోంది. నాకు తెలిసే రాశాను."

అక్క కాగితం తీసుకుంది. ఒక్కో మాటా పెదవులతో చదువుకుంటూ పోయింది. తమ్ముడు గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నలభై మూడు మాటలు మంచివే రాశావురా" అంది చివరికి. "అక్కడ ఆగితే ఏం పోయేది?"

"గళ్ళు ఖాళీగా ఉన్నాయి."

"ఖాళీగా ఉంటే?"

మేనేజరు మధ్యలో కల్పించుకుని, ఆ పేజీని నోటీసు బోర్డుకి పెట్టండి, నేను ఒకమాట రాసి సంతకం పెడతాను అన్నాడు. అక్క తలూపింది. మొత్తం పేజీ పెడతానంది. తమ్ముడి పేరు ఉన్నచోట కూడా ఏమీ అంటించనంది.

మధ్యాహ్నం గంట కొట్టారు. డౌటుగారు ఇంటికి వెళ్ళలేదు, బోర్డు పక్కన నిలబడ్డాడు. పనివాళ్ళు వచ్చారు, గుమిగూడి చదివారు. ఒకడు బిగ్గరగా, "ఆవిరి అనీ రాశాడ్రా, అదేం అమ్ముకుంటాడు?" అన్నాడు. కొందరు నవ్వారు. నవ్వినవాళ్ళు కూడా టీ, బిస్కెట్లు ఇచ్చే రెండో కౌంటరు వైపే నడిచారు. అక్క కౌంటరు ముందు ఎవరూ లేరు. ఆవిడ గరిటె పట్టుకుని ఎదురుగా ఉన్న గోడని చూస్తోంది.

అట్టలు కోసే యంత్రం దగ్గర పనిచేసే పెద్దాయన ఒకడు బోర్డు ముందే ఆగిపోయాడు. కాగితం చదివాడు, పక్కనున్న మనిషిని చూశాడు.

"రాసింది నువ్వేనా?"

"నేనే."

"సొంత అక్కా?"

"సొంత అక్కే."

"మరి అంత పని ఎందుకు చేశావు?"

"ఫోటో అమ్ముడుపోవాలని. దగ్గు లేదు, ఏమీ లేదు. నేనే పెట్టాను."

పెద్దాయన ఆయన్ని కింద నుంచి పైదాకా చూశాడు, అబద్ధం ఎక్కడుందో వెతికేవాడిలా. అలా చూడటం ఎలా ఉంటుందో డౌటుగారికి తెలుసు. చూపించుకోవడం మాత్రం ఇదే మొదలు. ఆయన కదలకుండా నిలబడ్డాడు.

"ఇంత సిగ్గుచేటు మాట కల్పించి ఎవడూ చెప్పడులే" అన్నాడు పెద్దాయన. దొంతరలోంచి కంచం తీసుకుని, గుడ్డతో తుడిచి, అక్క కౌంటరు దగ్గరికి వెళ్ళి చాచాడు.

"కారం తక్కువే కదా నీకు" అంది అక్క, గరిటె ముంచుతూ.