జాలీలో పోసిన చెంబెడు నీళ్లు

నా చిన్నప్పుడు, శామీర్‌పేట దిక్కు మా వాడల, ఇంట్లోపలనే స్నానాల గది ఉన్నది మాకొక్కళ్లకే. బాపు మేడ్చల్ నుంచి పైపుల మేస్త్రి చాచాను పిలిపించి, గది మూలకు నీళ్లు పోయే జాలీ పెట్టించి, దాని కింది నుంచి ఇంటెనక మురుగు గుంత దాకా పైపు ఏయించిండు. ఆ గది అంటే మా అవ్వకు, బాపు వాళ్లమ్మకు, మస్తు గర్వం. ఎవరొచ్చినా ముందుగల్ల అదే చూపించేది, చాయ్ ఆ తర్వాతనే.

మా పక్కింటోళ్లు చెరువుల చేపలు పట్టేటోళ్లు. ఆ ఇంటి కోడలిని నేను అక్కా అని పిలిచేదాన్ని. పొద్దుగాల పెరట్ల కూసొని చేపలు కోసి అమ్మేది. అమ్మకం అయినంక చేతులు బూడిదతోని తోముకొని నాకు జడలేసేది. అమ్మ ఏసిన జడ పగటేళకే ఊడేది గని, అక్క ఏసింది మర్నాటి దాకా కదలకపోయేది.

ఒక ఎండకాలం మేనత్తోళ్లింట్ల పెండ్లికని ఇంటిల్లిపాది కీసరకు పోయినం. నెల దాటినంకనే తిరిగొచ్చినం. తాళం తీయంగనే గుప్పున కుళ్లు వాసన కొట్టింది. అవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, చేపల వాసనేనా అని నన్ను అడిగింది. నేను ఏం ఆలోచించకుండ అవునన్న. అవ్వకు ఆ మాత్రం చాలు. గోడ కాడికి పోయి, మేం లేనిది చూసి చేపల చెత్తంత మా దిక్కే పోసినవని అక్కను నోటికొచ్చినట్టు తిట్టింది. తాను చెత్తను రోజూ దూరం తీసుకపోయి పూడ్చిపెడుతున్నానని అక్క ఒక్కసారే చెప్పింది.

మర్నాటి నుంచి అక్క చేపల గంప ఎత్తుకొని చెరువు కట్ట మీదికి పోయి, ఆ ఎండల్నే కోసేది. ఇంటికొచ్చిన గిరాకీ వాపస్ పోతాంటే గోడ మీది నుంచి చూసేదాన్ని. నన్ను జడకు పిలువలే. నాకు అన్నం సయించలే. అవునన్నది నేనే గదా!

చేపలు పోయినా వాసన పోలే. ఆ కంపుకు స్నానాల గదిల ఎవరం అడుగు పెట్టలే. తలుపు మూసి, ఎనకటి లెక్క పెరట్ల బండ మీదనే స్నానాలు చేసినం. నాలుగు రోజులు చూసి, పైపు పగిలిందేమో అని బాపు చాచాను పిలుచుకొచ్చిండు.

చాచా సంచి గూడ ఇప్పలే. అగర్‌బత్తి ఒకటి అడిగి, అంటించి జాలీ మీద పట్టిండు. పొగ ఎగిరొచ్చి మా మొఖాలకే తన్నింది. ఇల్లు ఎన్ని రోజులు మూసిండ్రని అడిగి, చెంబెడు నీళ్లు తెప్పించి జాలీల పోసిండు. మళ్ల అగర్‌బత్తి పట్టిండు. ఈసారి పొగ నిట్టనిలువుగ లేచింది. జాలీ కింద పైపు వంపు తిరుగుతదట. ఆ వంపుల ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలిచి, గుంతల వాసనను పైకి రానియ్యయట. నెల రోజులు నీళ్లు పడక అది ఎండిపోయింది. పైపు మంచిగనే ఉన్నది, నీళ్లు పోయడమే మరిచిండ్రని చెప్పి చాయ్ తాగి పోయిండు.

అవ్వ నా చెయ్యి పట్టుకొని పక్కింటికి నడిచింది. మా దిక్కు పగ ఉన్న ఇంట్ల నీళ్లు ముట్టరు. అసొంటిది అవ్వ పోయి వాళ్ల గడప కాడ కూసొని, “కొన్ని మంచినీళ్లియ్యి బిడ్డా,” అన్నది.

అక్క లోపలికి పోయింది. ఎంతకూ రాలే. ఇగ తేదేమో అనుకున్న. ఆఖరికి చెంబు పట్టుకొని వచ్చింది. అవ్వ ఒక్క చుక్క మిగలకుండ తాగి, “వాసన మా ఇంట్లదే. నిన్ను అనరాని మాటలన్న,” అన్నది. నాకు ఏడుపు ఆగలే. చేపల వాసనని చెప్పింది నేనే అక్కా అని ఎక్కిళ్లు పెట్టుకుంట చెప్పిన.

అక్క నా చింపిరి తల దిక్కు చూసింది. “దువ్వెన తెచ్చుకోపో,” అన్నది.

ఇప్పుడు నేను గుండ్లపోచంపల్లిల అపార్ట్‌మెంట్ల ఉంటున్న. ఊరికి పోయొస్తే సంచి దించకముందే బాత్రూం జాలీల చెంబెడు నీళ్లు పోస్త. పక్కోళ్ల మీద నోరు లేవబోతే గూడ, ముందుగల్ల మా ఇంట్లనే చూసుకుంట. అన్నిసార్లు యాదికుంటదని చెప్పను, నా నోరు గూడ అవ్వ నోరే. మరిచిన రోజు మాత్రం, పోయి వాళ్ల గడప కాడ నిలబడి మంచినీళ్లు అడుగుత.