ఖాళీ లారీకి ఎంత గాలి

నా చిన్నప్పుడు మా నాయనకు ఒక లారీ ఉండేది. బద్వేలు వైపు నుంచి బండలెత్తుకుని కొండల్లో ఘాట్ రోడ్డు దాటి నెల్లూరు దాకా పోయి వచ్చేవాడు. నిద్ర చాలని కళ్లతో ఇల్లు చేరినా ఆయన గొంతు మాత్రం తగ్గేది కాదు. నీళ్లడిగినా అరుపే, అన్నం పెట్టమన్నా అరుపే. ఉదయగిరిలో మా వీధిలోకి లారీ తిరిగిన చప్పుడు వినగానే నేను పుస్తకం తెరిచి కూర్చునేదాన్ని. చదువు మీద ప్రేమతో కాదు, చదువుకునే పిల్లను తిట్టడని.

నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. నన్ను సాకింది మా అవ్వ, నాయనను కన్నతల్లి. ఒక వానాకాలం పొద్దున బట్టలుతికే బండ దగ్గర ఆమె జారిపడింది. కట్లు కట్టే ఆయన వచ్చి చూసి, తుంటి ఎముక విరిగింది, ఇది నా వల్ల కాదు, ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. కూర్చోలేని మనిషిని బస్సులో ఎట్లా తీసుకుపోతాం? అదృష్టం కొద్దీ ఆరోజు లారీ ఇంటి దగ్గరే ఉంది, ఖాళీగా. వెనక తొట్టిలో వరిగడ్డి పరిచి, దాని మీద బొంతలు వేసి, వీధిలోవాళ్లు నలుగురూ కలిసి అవ్వను ఎక్కించారు. నేను ఆమె తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

వీధి చివర మొదటి గుంతలోనే లారీ ఎగిరిపడింది. అవ్వ కేక పెట్టింది. కాన్పు నొప్పులకు కూడా నోరు తెరవలేదని పేరున్న మనిషి అట్లా అరిచేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆత్మకూరు చేరేలోపు అవ్వ నాకు దక్కదనుకున్నాను. నాయన లారీ ఆపి దిగి వచ్చి రోడ్డును తిట్టాడు, నన్ను తిట్టాడు, చివరికి అవ్వనూ తిట్టాడు. భయమేసినా ఆయనకు వచ్చిన విద్య అదొక్కటే.

ఆ కేకకు మా పక్కింటి సాయిబు తాత బయటికొచ్చాడు. ఒకప్పుడు ఆయనా లారీ డ్రైవరే, చూపు తగ్గి మానుకున్నాడు. జాకీ రాడ్డు తీసుకుని వెనక టైర్లను ఒక్కొక్కటే తట్టాడు. అటు జంట, ఇటు జంట, అన్నీ ఖణేల్మన్నాయి.

“అరె, బండలకు కొట్టిన గాలితో ముసలామెను తీసకపోతా ఉండావేందిరా?”

“రేపు మళ్లా లోడెత్తాల. అప్పుడు గాలి ఎవురు కొడతారు?” అన్నాడు నాయన.

ఆయన మాటలో అబద్ధం లేదు. అప్పట్లో మా దగ్గర గాలి మిషన్లెక్కడివి? లారీ టైరుకు చేతి పంపుతో గాలి కొట్టాలంటే రెక్కలు ఊడిపోవాల్సిందే. అందుకే లోడున్నా లేకపోయినా మా వైపు డ్రైవర్లు ఆ గాలి జోలికి పోయేవాళ్లు కాదు.

“ఆత్మకూరులో కొట్టించుకో. ఒకరోజు ఆలస్యమైతే బండలేమన్నా ఏడస్తాయా?” అన్నాడు తాత.

పైనుంచి అవ్వ అంత నొప్పిలోనూ ఊరుకోలేదు. “గాలి తీసేస్తే బండి దావలో కూలబడదా సాయిబూ?”

“అంతా తీస్తామా అక్కా? బండ బరువుకు కొట్టింది బండ బరువుకే. నీ బరువుకు అంత అక్కర్లేదు.”

ముందు టైర్లను ఆయన ముట్టుకోలేదు. లోడు దించినా ఇంజను బరువు ఎక్కడికీ పోదు గదా అన్నాడు. వెనకవాటికి మాత్రం వాల్వును పుల్లతో నొక్కి కొంచెం కొంచెం గాలి వదిలాడు. అవతలి పక్క నాయన తొందరలో బయటి టైరుకు మాత్రం గాలి తీసి లేచాడు. లోపలిదానికి చేయి సరిగా అందదు మరి. తాత తట్టి చూసి ఒప్పుకోలేదు. జంటలో ఒకటి మెత్తగా, ఒకటి గట్టిగా ఉంటే గట్టిదొక్కటే అంతా మోసి వేడెక్కి పోతుందట. రెండూ ఒకే చప్పుడు చేసేదాకా తట్టి విన్నాడు.

లేచి చేతులు దులుపుకుంటూ నాయనతో అన్నాడు: “బరువు మొయ్యాలంటే బిగువు కావాల్సిందేరా. దించినాక గూడా అదే బిగువుంటే, లోపలుండే వోళ్లకే దెబ్బలు.”

నాయన ఎక్కి స్టీరింగు పట్టుకున్నాడు. మెల్లగా లారీ కదిలించాడు. గుంతలు అవే గుంతలు. అవ్వ మూలిగింది గానీ మళ్లీ అట్లా కేక పెట్టలేదు. ఆత్మకూరు దగ్గరపడుతుండగా నా జుట్టు చూసి, తల గూడా దువ్వకుండా ఊరిమీదికి వచ్చినావా అని కసిరింది. ఇక అవ్వకు ఏమీ కాదని అప్పుడే నాకు ధైర్యం వచ్చింది.

ఆసుపత్రిలో ఎముక సరిచేసి కట్టు వేశారు. సాయంత్రం వరండాలో నా పక్కన ఎవరో వచ్చి కూర్చుని, “తిన్నావామ్మా?” అన్నారు. అంత చిన్న గొంతు నాయనదని నాకు వెంటనే తెలియలేదు. తెలిశాక ఏడుపు ఆగలేదు. ఆయన నా వీపు మీద చేయి వేసి కూర్చున్నాడు.

అవ్వ కర్ర సాయంతో ఇంకా చాలా ఏళ్లు తిరిగింది. నాయన ఒక్కరోజులో మారిపోయాడంటే అది కట్టుకథ అవుతుంది. అరుపులు ఉండనే ఉన్నాయి. కానీ ఇంటిముందు లారీ ఆపాక వెంటనే దిగడం మానేశాడు. ఇంజను ఆగిపోయాక కూడా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కాసేపు అట్లాగే కూర్చునేవాడు. ఆ తర్వాతే గడప తొక్కేవాడు.

పెద్దయ్యాక నేను నర్సు ఉద్యోగంలో చేరాను. డ్యూటీ దిగి వచ్చాక గేటు దగ్గర కాసేపు నిలబడందే ఇంట్లోకి అడుగుపెట్టేదాన్ని కాదు. నా చెప్పుల చప్పుడు వినగానే మా పిల్లలు పరిగెత్తుకుంటూ ఎదురొచ్చేవాళ్లు. మా నాయనకు ఎవరూ అట్లా ఎదురు పోలేదు, నేనూ పోలేదు. రిటైరై ఇన్నేళ్లయినా ఇప్పటికీ గేటు దగ్గర నా కాళ్లు వాటంతటవే ఆగుతాయి. లోపలికి పోయేముందు, లారీలో ఒక్కడే కూర్చున్న ఆ మనిషి దగ్గరికి ఒక్కసారి పరిగెత్తాలనిపిస్తుంది.