మీసాల మీది తెల్ల పట్టీలు

పాశమైలారంలో కంపెనీలకు చెక్కపెట్టెలు బిగించే షెడ్డులో పుష్ప పెళ్లికాక ముందునుంచే పనిచేస్తోంది. తండ్రి పొలం ఫ్యాక్టరీల కిందికి పోయాక ఆ ఇంట్లో మొదట సుత్తి పట్టింది ఆమే. మధ్యాహ్నం తిన్నాక రంపపు పొట్టు కుప్పకు ఒరిగి కళ్లు మూసుకుంటే, ఆ వాసనలో తనెన్నడూ చూడని అడవులు కదిలేవి.

ఒకనాడు ఆ మగతలోనే గాజుల మీదికి ఏదో పాకింది. చూస్తే వేలంత పెంకుపురుగు. ఒంటికంటే పొడుగు మీసాలు. పట్టుకోగానే కిర్రుమంది, ఎక్కడో దూరాన ఎవరో తలుపు తీసినట్టు.

సూపర్‌వైజర్ వీర్రాజు ముఖం మాడ్చుకున్నాడు.

"మామిడి చెక్కకు పురుగు పట్టిందన్నమాట. లోడు వెనక్కి పంపెయ్యాలి."

కొత్త లోడు వచ్చేదాకా షెడ్డు మూతే.

పుష్ప పురుగును ఖాళీ టిఫిన్ డబ్బాలో వేసుకుని ఇస్నాపూర్‌లోని తన ఇంటికి వెళ్లింది. పక్క వాటాలో అద్దెకుండే రమ్యశ్రీ డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది.

"మామిడిని తొలిచే పురుగు పేరు బటోసెరా. ఇదీ అదేనేమో," అంటూ ఆమె భూతద్దం అందుకుంది. "దానికి దగ్గరి చుట్టం ఇంకోటుంది, అప్రియోనా. రెండింటికీ భుజాల దగ్గర గరుకే. అక్కడే పొరపడతాం. బటోసెరాకైతే సాధారణంగా వీపు మీద మచ్చలుంటాయి."

పురుగు ఒంటినిండా పొట్టు. పుష్ప తడి కొంగుతో మెల్లగా తుడిచింది. తేనె కలిసిన బూడిదరంగు తేలింది.

"మచ్చలేం లేవు మేడమ్. మీసాలు సూడుండ్రి, కణుపు కణుపుకు తెల్లగ పట్టీ ఉంది."

రమ్యశ్రీ వంగి చూసింది. "అవును. మీసాల అడుగున ముళ్లు కూడా లేవు. అప్రియోనానే. ఇది ఎక్కువగా మల్బరీ, మేడి లాంటి చెట్లలో ఉంటుంది. మీ షెడ్డు దగ్గర మేడిచెట్టుందా?"

"గోడవతల ఉంది."

మర్నాడు ఆ మాట వీర్రాజుకు చెప్పి, పుష్ప అతనితో కలిసి మామిడి చెక్కలన్నీ తిరగేసింది. ఒక్క రంధ్రం కనిపించలేదు. గోడవతల మేడి మాను నిండా రంధ్రాలు, మొదలు దగ్గర తడి పొట్టు.

"లోడు ఉండనీ," అన్నాడు వీర్రాజు, లోపలికి నడుస్తూ.

పుష్ప డబ్బా మూత తీసింది. పురుగు మాను మీదికి పాకి, మీసాలు రెండూ వెనక్కి వాల్చి, ఎండా నీడా కలిసిన చోట కలిసిపోయింది. ఆమె బెరడుకు చెవి ఆనించింది. లోపల ఎవరో తాపీగా చెక్క కొరుకుతున్న చప్పుడు.

"పుష్పా, ఏం చేస్తున్నావక్కడ?"

"వస్తున్న సార్," అంది గాని, చెవి తియ్యలేదు.