ప్రింటరుకు ఒక్కరోజు సెలవు

మా సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబు వెనక గదిలో ఒక పాత యూనిక్స్ కంప్యూటరు ఉంది, మేం మెషిను అనేవాళ్లం. నేను ఉద్యోగంలో చేరేనాటికే అది పాతది. దాని పక్కన గరగరమని అరిచే ప్రింటరు. సున్నపురాయి కాలే కిలన్‌లోంచి వచ్చిన సరుకును ల్యాబు వాళ్లు గంటకోసారి పరీక్ష చేసి బటన్ నొక్కితే, ఫలితం ఈ గదిలో కాగితం మీద పడుతుంది. కడప ఎండలకు బయట మనుషులు మాడిపోతున్నా గదిలో ఏసీ నడిచేది ఆ మెషిను కోసమే. దాని పుణ్యాన ఇద్దరం చల్లగా బతికాం, నేనూ, ఆలూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయనా. ఆయన్ను అన్నా అని పిలిచేవాణ్ణి.

ఆ మెషిను పని నాకు నేర్పింది అన్నే. ప్రింటు పనులు చూసుకోవడానికి తెర వెనక ఒక చిన్న ప్రోగ్రాం ఎప్పుడూ మేలుకుని ఉంటుంది. దాన్ని డెమన్ అంటారు. ప్రింటు రాకపోతే నేను గబగబా కేబుల్ పీకేవాణ్ణి. అన్న నా చెయ్యి పట్టుకునేవాడు.

"యాడికప్పా ఆ తొందర? నీ తెలివి తర్వాత చూపుదువుగానీ, ముందు దాన్నడుగు. ఏమైందో అదే చెప్తాది."

అడగడమంటే ఎల్, పీ, క్యూ అని మూడక్షరాలు కొట్టడం. వరసలో ఏమేం పనులున్నాయో, ప్రింటరు నిద్రపోతోందో పనిచేస్తోందో తెరమీద రెండు ముక్కల్లో వస్తుంది. ఆ మూడక్షరాలు కొట్టడానికి నాకెప్పుడూ నామోషీగానే ఉండేది.

ఆయుధపూజ నాడు ఫ్యాక్టరీలో లేత్ దగ్గర్నుంచి లారీ దాకా అన్నింటికీ పసుపు కుంకుమలు, బంతిపూలు. ఆ రోజు పనిముట్టును పనిలో పెట్టకూడదు. కిలన్‌ను మాత్రం ఆపలేరు, ఆపితే మళ్లీ వేడెక్కడానికి రోజులు పడుతుంది. అందుకని అన్న ఏటా మా ప్రింటరును పడుకోబెట్టేవాడు. డెమన్‌కు ఒక ఆజ్ఞ ఇస్తే చాలు, మళ్లీ లేపేదాకా అది ఏ కాగితమూ తీసుకోదు. ల్యాబు వాళ్లు ఆ ఒక్కరోజు చేత్తో రాసుకునేవాళ్లు.

"కిలన్ వంతు కూడా ఇదే పండుకోనీలేప్పా," అనేవాడు.

మాది బనగానపల్లె పక్క పల్లె, తాతల నాటి నుంచి చర్చికి పోయే ఇల్లు. పూజలో నేను కూర్చునేవాణ్ణి కాదు. అయినా అన్న నా వాటా బొరుగులూ బెల్లమూ పొట్లం కట్టి నా డ్రాయరులో పెట్టేవాడు. దానికి నేను ఒక్కసారి కూడా మంచిమాట అనలేదు.

పోయిన ఏడాది ఆయుధపూజ నాడే ఆయనకు తెలిసింది, ఆ మెషినును తీసేసి కొత్తది కొనమని ఆఫీసుకు అర్జీ పెట్టింది నేనేనని. బంతిపూల దండ చేతిలో పట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

"నాతో ఒక మాట చెప్పి రాసుంటే ఏం పోయేదప్పా?"

"చెప్తే ఒప్పుకుంటావా అన్నా? పాత డబ్బాకు పూజలు, సెలవులు! అందరూ నవ్వుతాండారు," అన్నాను. నవ్వేది నేనొక్కణ్ణే. ఆయన దండను ప్రింటరు మీద వేసి కీబోర్డు ముందు కూర్చున్నాడు. నేను విసురుగా బయటికి వచ్చేశాను. ఏటా మర్నాడు వెళ్లేవాడు, ఆసారి మాత్రం ఆ సాయంత్రం బస్సుకే ఆయన పండక్కి ఆలూరు వెళ్లిపోయాడు. మర్నాడు గుండె ఆగి అక్కడే పోయాడు.

మట్టి వేసి వచ్చాను. గదిలో ఆయన కుర్చీ అలాగే ఉంది, ప్రింటరు మీద దండ వాడిపోయి ఉంది, నా డ్రాయరులో బొరుగుల పొట్లం ఉంది. నన్ను తిట్టడానికి కూడా ఎవరూ మిగల్లేదు.

ప్రింటు రావడం లేదని ల్యాబు వాళ్లు అప్పటికే గోల పెడుతున్నారు. మేనేజరు వచ్చి, "శనివారం పాత సామాన్ల లారీ వస్తుంది. ఆలోగా కాగితం రాకపోతే దీన్ని కూడా ఎక్కించేయండి. మీరు కోరుకున్నదే కదా," అన్నాడు. కోరుకున్నదే. ఇప్పుడు మాత్రం అది పోకూడదు. ఆయన వేళ్ల జిడ్డు పట్టిన ఆ కీబోర్డు పోతే నాకు ఆయన పూర్తిగా పోయినట్టే.

మూడు రోజులు దానితో కుస్తీ పట్టాను. రిబ్బను మార్చాను. కేబుల్ మార్చాను. డెమన్‌తో పనిలేకుండా ప్రింటరుకు నేరుగా నాలుగు అక్షరాలు పంపిస్తే చక్కగా కొట్టింది. అంటే ప్రింటరు తప్పేమీ లేదు. డెమన్‌ను చంపి మళ్లీ పుట్టించాను. చివరికి మెషిను మొత్తం ఆపి లేపాను. ల్యాబులో బటన్ నొక్కితే మళ్లీ అదే మౌనం. పాత డబ్బా, పాడైపోయి ఉంటుందని నేనే ముందు తీర్పు చెప్పుకున్నాను కాబట్టి, దాన్ని ఒక్క మాట అడగాలని తోచలేదు. సెలవు సంగతి నాకు తెలియనిదా? పక్కనుండి ఏటా చూసిందే. కానీ దాన్ని లేపడం ఎప్పుడూ ఆయన పని. నేను మర్నాడు వచ్చేసరికి అది పనిచేస్తూనే ఉండేది.

శనివారం మధ్యాహ్నం గేటు దగ్గర లారీ హారన్ వినబడింది. ఇక చేసేదేమీ లేక ఆ మూడక్షరాలు కొట్టాను.

పడుకోబెట్టిన ప్రింటరు మెషినును ఆపి లేపినా లేవదు. పడుకోబెట్టేటప్పుడు కారణం కూడా ఒక ముక్క రాసిపెట్టవచ్చు. అడిగినవాళ్లకు అది కనబడుతుంది. తెరమీద ఇంగ్లిషు అక్షరాల్లో మన మాటలే ఉన్నాయి.

"ఈపొద్దు దీనికి సెలవు. ఎల్లుండి నేనే వచ్చి లేపుతా. నువ్వు ముట్టగాకప్పా."

ఆ గదిలో అడిగేవాణ్ణి నేనొక్కణ్ణే. అది నాకు రాసిందే. కోపంతో రాశాడో, ఆటపట్టించడానికి రాశాడో ఇప్పటికీ తెలియదు. వలవలా ఏడ్చాను. ల్యాబులో పనిచేసే ఒకామె తలుపు తీసి చూసి, మళ్లీ మూసింది.

ప్రింటరును లేపితే ఆ మాట చెరిగిపోతుంది. లేపకపోతే లారీ ఎక్కుతుంది. మాటను నా టిఫిన్ క్యారియరు చుట్టిన కాగితం మీద రాసుకుని, ఆయన ముట్టొద్దన్నదాన్ని ముట్టుకున్నాను. తెరమీద ప్రింటరు సిద్ధంగా ఉందని వచ్చింది. వరసలో ఏమీ లేదని వచ్చింది. ల్యాబులో బటన్ నొక్కమన్నాను. గరగరమని కాగితం కదిలింది. మేనేజరు దాన్ని చించి చూసి, సరేలెమ్మని లారీని పంపేశాడు. నా అర్జీని నేనే వెనక్కి తీసుకున్నాను.

ఈ ఏడు ఆయుధపూజకు దాన్ని నేనే పడుకోబెట్టాను. పూజ చేయలేదు, నాకు రాదు. సెలవు మాత్రం ఇచ్చాను. కారణం రాసే చోట వేళ్లు ఆగిపోయాయి. ఈరోజు దీనికి సెలవు అని రాశాను. రేపు నేనే వచ్చి లేపుతా అని రాయడానికి మాత్రం చేతులు రాలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్లి మూడక్షరాలు కొట్టి, నేను రాసింది నేనే చదువుకుని, లేపాను.