తీర్పు అడగవచ్చిన డాక్టరు

మా ముత్తాత పాలెగాడు. పూతలపట్టు చుట్టుపక్కల పల్లెలన్నీ ఆయన మాట మీద నడిచేవి. మా తాత కాలానికి పల్లెలు పోయాయి గాని పల్లకీ, తగాదాలకు తీర్పు చెప్పే పెద్దరికం మిగిలాయి. ఆ రెండూ మా నాయనకు వచ్చాయి. ఒకరి ముందు చేతులు కట్టుకుని నిలబడిన వంశం కాదు మాది.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, మిగిలిన భూమి మీద దావా ఓడిపోయాక నాయన మాట్లాడటం మానేశాడు. అన్నం ముందు కూర్చుని, ముట్టకుండానే లేచిపోయేవాడు. మద్రాసులో మనోవ్యాధుల వైద్యం చేసి వచ్చిన డాక్టరు చిత్తూరులో ఉన్నాడని తెలిసి, నేనూ చిన్నాయనా నాయనను అక్కడికి తీసుకెళ్ళాం. రోడ్డు దాకా పల్లకీ, అక్కడి నుంచి పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే బస్సు.

పరాయివాడు ఇంటి పెద్దను నేరుగా ప్రశ్నించరాదని మా ఇంటి కట్టుబాటు. తమ్ముడే బదులు చెప్పాలి.

"నిద్ర పడతా ఉండాదా?" అని డాక్టరు నాయనను అడిగాడు.

"లేదు" అన్నాడు చిన్నాయన.

"ఇది ఏ ఊరు?"

"చిత్తూరు! ఆయన్ని అడిగే మాటేనా ఇది?" అని చిన్నాయన మండిపడ్డాడు. నాయన గోడవైపు తిరిగాడు.

డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. మనిషికి లోకం పట్టడం లేదు, మద్రాసు ఆసుపత్రిలో చేర్చాలి, సూది వేసి మూర్ఛ తెప్పించే వైద్యం చేస్తారు అన్నాడు.

"ఆడికి పోయినోళ్ళు ఎవరన్నా తిరిగొచ్చినారా?" అని, ఇంటికొచ్చి చెప్పగానే అమ్మ ఏడ్చింది.

మద్రాసు ప్రయాణానికి ముందు డాక్టరు తనంతట తానే మా ఇంటికి వచ్చాడు. వాకిట్లో ఒక రైతు, దొర పలకక తన కాలువ తగాదా తెగలేదని వాపోతున్నాడు. డాక్టరు అది విని లోపలికొచ్చి, కుర్చీ వదిలి, ఫిర్యాదీలు కూర్చునే చాప మీద కూర్చున్నాడు.

"దొరా, మా పక్కింటాయన మామిడిచెట్టు నా గోడ మీదికి వాలింది. ఈపక్క పడే కాయలు ఎవురివి?"

చిన్నాయన నోరు తెరిచాడు.

"నువ్వు రోంతసేపు గమ్మునుండప్పా. నేను దొరను అడగతా ఉండాను."

నాయన డాక్టరు వైపు తిరిగాడు.

"గోడ కట్టింది చెట్టుకు ముందా, ఎనకా?" అన్నాడు నాయన. నెలల తర్వాత విన్న గొంతు అది.

"ఎనకే దొరా."

"ఆయప్పను కూడా తోడుకొని రా. ఒకరి మాట ఇని నేను తీర్పు చెప్పను."

డాక్టరు పకపకా నవ్వాడు. అమ్మ తలుపు చాటున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వెళ్ళేటప్పుడు డాక్టరు నాతో అన్నాడు: "మద్రాసు వద్దప్పా. ఆ పొద్దు నేను అడిగిన తీరుకు ఆయన తలుపు మూసుకున్నాడు. లోపల ఎవురూ లేరనుకున్నా. వారానికోసారి నా దగ్గరికి పంపు. మాట్లాడుకుంటాం. ఒక్కడే రావల్ల, బదులు చెప్పేవాళ్ళు వద్దు."

"నయమవుతాదా?"

"నాతో మాట్లాడతా ఉన్నంతకాలం నాకు ఆశ ఉండాది."

మరుసటి వారం పల్లకీ సిద్ధం చేయిస్తుంటే నాయన వద్దన్నాడు. తలపాగా చుట్టుకుని, నిటారుగా, రోడ్డు దాకా నడిచే వెళ్ళాడు. సాయంత్రం వచ్చి, పక్కింటాయన మాట కూడా విని, మామిడికాయలు చెరిసగం అని తీర్పు చెప్పినట్టు అమ్మతో చెప్పి, అన్నం పెట్టమన్నాడు. ఆ తర్వాత ప్రతి వారం నడిచే వెళ్ళేవాడు.

ఆ ఏడే పల్లకీ అమ్మేశాం. పెళ్ళిళ్ళకు బాడుగకిచ్చే చంద్రగిరి ఆయన ఒకరు కొనుక్కున్నారు.