పిల్లలేరి?

సావైన ఇంట్ల ఆడోళ్లంత ఒకరినొకరు పట్టుకొని ఏడుస్తుంటే, మా మేనత్త మాత్రం గడప తొక్కంగనే "పిల్లలేరి?" అని అడిగేది.

మా బాపు జ్వరంతోని పోయినప్పుడు, సొంత తమ్ముడే అయినా, అత్త ముందుగాల గదే అడిగింది. మా చిన్న చెల్లెను పక్కింటి అరుగు మీద కూసోవెట్టిండ్రు. బాపు చెరుకు బండి తోలుకొని బోధన్ ఫ్యాక్టరీకి పోయిండని చెప్పిండ్రు. అది అన్నం ముట్టకుండ తొవ్వ సూస్తున్నది.

అత్త పక్కన కూసోని, "లేదు బిడ్డా, బాపు సచ్చిపోయిండు. ఇగ రాడు" అన్నది.

"చిన్నపిల్లకు గట్ల చెప్తరా అక్కా?" అని పక్కింటామె కోప్పడ్డది.

"రానోని కోసం ఎన్నొద్దులు కూసోవెడ్తవే?"

చెల్లె అత్త ఒడిల వడి ఏడ్సింది. ఏడ్సేడ్సి, "మరి ఎడ్లకు చెప్పిండ్రా అత్తా?" అని అడిగింది.

"లేదు బిడ్డా. నువ్వే చెప్పాలె."

ఇద్దరు కొట్టంలకు పోయిండ్రు. ఎద్దు మెడ పట్టుకొని చెల్లె, "బాపు ఇగ రాడు. రేపటికెల్లి మేత నేనేస్త" అన్నది. గప్పుడు ఏడ్సింది మా అత్త. తర్వాత ఇద్దరు ఒక్క పళ్లెంల తిన్నరు.

గసుంటామెకు మేనకోడలినని నేను గొప్పగ చెప్పుకుంట. అత్త పోయి శానా ఏండ్లాయె. మా ఊరు ఎడపల్లిల ఎవరింట్ల సావైనా, నేను చెప్పులిడిసే లోపట్నే ఇంట్ల నుంచి మా చెల్లె గొంతు వినవడ్తది: "పిల్లలేరి?"